పాత లారీ మిస్ కొడుతోందా? పంపు దించే ముందు ఇంటి దగ్గరే చూసుకోండి

"అన్నా, బండి మిస్ కొడుతోంది. పంపు దించాలంటున్నారు. దించెయ్యమంటావా?"

ఈ ప్రశ్న నాకు వారం వారం వస్తూనే ఉంటుంది. మిస్ కొట్టడమంటే ఏదో ఒక సిలిండర్‌లో డీజిల్ సరిగా కాలకపోవడం. పంపు అంటే డీజిల్‌ని ఒత్తిడితో నాజిళ్లకి పంపేది, నాజిల్ అంటే దాన్ని సిలిండర్‌లోకి చిమ్మేది. పాత టాటా 407 ఉన్నవాళ్లు అడుగుతారు, పాత లేలాండ్ ఉన్నవాళ్లు అడుగుతారు. ప్రతిసారీ ఫోన్‌లో అరగంట చెప్పడం, వాళ్లు సగం మర్చిపోయి మళ్లీ ఫోన్ చేయడం. అందుకే ఒకేసారి రాసేస్తున్నాను.

నేను మెకానిక్‌ని కాను. మాకు ఒక పాత 407 ఉంది. మామిడి సీజన్‌లో విజయవాడ పక్క ఊరు నున్న మార్కెట్‌కి, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే ఆ లోడుకి తిరుగుతుంది. ఇక్కడ చెప్పేది మెకానిక్ షాపులుండే ఆటోనగర్‌లో గంటల తరబడి నిలబడి చూసి కొంత, డబ్బులు తగలేసుకుని కొంత నేర్చుకున్నది. దీని వల్ల ప్రతి రిపేరూ ఇంట్లోనే అయిపోతుందని కాదు. తప్పు ఎక్కడుందో తెలుసుకుని షాపుకి వెళ్తే, విప్పనక్కర్లేనివి విప్పించుకోకుండా బయటపడతారు.

ముందు ఒక్క మాట. ఇదంతా మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ ఇంజన్ల గురించే. మీ బండి నాజిళ్ల మీద కరెంటు వైర్ల సాకెట్లు కనిపిస్తే అది కామన్ రైల్, అంటే కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం. ఇక్కడ చెప్పినట్టు దాని పైపులు వదులు చేయకండి. అందులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటి ఉంటుంది, ప్రాణాల మీదకి వస్తుంది. నేరుగా స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్లండి.

అసలు అది మిస్సింగేనా?

స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, బండి ఊగిపోతోందంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు పోయి ఉండొచ్చు. ముందు అవి చూడండి. మిస్సింగ్ అయితే సైలెన్సర్ దగ్గర తెలుస్తుంది. "టక టక టక" అని సమంగా రావాల్సిన శబ్దం "టక టక... టక" అని ఒక దెబ్బ వదిలేస్తూ వస్తుంది. సైలెన్సర్ చివర ఒక కాగితం వేలాడదీసి పట్టుకుంటే అది కూడా ఆ లెక్కలోనే తడబడుతూ ఊగుతుంది.

తర్వాత ఒక చీటీ మీద రాసుకోండి. ఎప్పుడు మిస్ కొడుతోంది? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, లోడు మీద వారధి (కృష్ణా మీది వంతెన) ఎక్కేటప్పుడా, స్లోలో మాత్రమేనా, ట్యాంకులో డీజిల్ తగ్గాకా? పొగ ఏ రంగు? నన్నడిగితే సగం పని ఈ చీటీ మీదే అయిపోతుంది. షాపుకి వెళ్లినా మెకానిక్ అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

పొగ సంగతి క్లుప్తంగా: తెల్లగా, కళ్లు మండేలా పచ్చి డీజిల్ వాసనతో వస్తే ఒక సిలిండర్‌లో డీజిల్ కాలకుండానే బయటకొస్తోంది. తెల్లగానే ఉండి, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య వేసే రేకు) మీద అనుమానం. నల్లగా వస్తే ఎయిర్ క్లీనర్ మూసుకుపోయింది, లేదా నాజిల్ చిమ్మాల్సింది పోయి కారుస్తోంది. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- 10 నుంచి 19 వరకు రింగు పానాలు, ఫిక్స్ పానాలు. నాజిల్ పైపుల నట్లకు ఎక్కువగా 17 గానీ 19 గానీ పడుతుంది.
- ఫిల్లర్ గేజ్ (టాపెట్ల గ్యాప్ కొలిచే రేకులు).
- అర మీటరు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, మీ డీజిల్ పైపు సైజుదే, రెండు క్లిప్పులు.
- 5 లీటర్ల శుభ్రమైన క్యాను, ఒక ఖాళీ గాజు సీసా.
- డీజిల్ ఫిల్టర్లు ఒక సెట్టు. నాజిల్ కింద వేసే రాగి వాషర్లు, బాంజో బోల్టుల (డీజిల్ పైపుల్ని బిగించే బోలు బోల్టులు) వాషర్లు పది పన్నెండు.
- నూలు పోగులు రాలని పాత బట్టలు, కళ్లద్దాలు, గ్లౌజులు.
- చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు గట్టి దుంగలు.
- సెల్ఫ్ కొట్టడానికి ఒక మనిషి. "కొట్టు", "ఆపు" అంటే వెంటనే వినేవాడై ఉండాలి. ఫోన్ చూసుకునేవాణ్ని పెట్టుకోకండి.

బీడీ, సిగరెట్ పక్కన పెట్టండి. షెడ్డులో తలుపులు వేసి ఇంజన్ నడపకండి. బండి చదునైన చోట పెట్టి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, దుంగలు పెట్టాకే పని మొదలు. క్యాబిన్ ముందుకు వంగే బండైతే దాని లాక్ పడిందో లేదో చేత్తో లాగి చూడండి.

1. పానా పట్టకుండా చూసేవి

ఇంజన్ ఆపి, పంపు నుంచి నాజిళ్ల దాకా ఉన్న పైపుల్ని బట్టతో తుడిచి పొడిగా చేయండి. స్టార్ట్ చేసి రెండు నిమిషాలు నడిపి ఆపండి. ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ లీకు. వేలు పెట్టి వెతక్కండి. పైపు పగులు నుంచి సన్నగా చిమ్మే డీజిల్ కంటికి కనపడదు. చర్మంలో గుచ్చుకుపోతుంది. లారీ టైరులో గాలి 7, 8 బార్లు ఉంటుంది. పాత నాజిల్ తెరుచుకునే ఒత్తిడి దాదాపు 200 బార్లు. అంత ఒత్తిడి మీద డీజిల్ చేతిలోకి దూరితే మొదట చిన్న చుక్కలాగే ఉంటుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. అయినా ఆ క్షణమే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, "ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పాలి. ఆలస్యం చేసి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఎయిర్ క్లీనర్ విప్పి చూడండి. ఆయిల్ బాత్ రకమైతే (దుమ్ముని ఆయిల్‌లో పట్టేది) అడుగున బురద పేరుకుని ఉంటుంది. ఇసుక లోడులకు తిరిగే బండ్లలో మరీ ఎక్కువ.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి. తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. ఆయిల్ మట్టం పెరిగి, పల్చబడి, డీజిల్ వాసన వస్తుంటే ఏదో నాజిల్ లోపలికి కారుస్తోంది, లేదా ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) నుంచి దిగుతోంది. అలాంటి ఆయిల్‌తో బండి తిప్పితే బేరింగులు పోతాయి. తప్పు దొరికే వరకు లోడుకి పంపకండి.

2. ఎయిర్ తీయడం

పాత బండి మిస్సింగ్‌లో ముందుగా అనుమానించాల్సింది డీజిల్ లైనులో గాలి. ఫిల్టర్ మార్చాకో, డీజిల్ అడుగంటాకో మొదలైన మిస్సింగ్ అయితే మరీను.

ఫిల్టర్ మీద ఉన్న ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. ఫీడ్ పంపు మీదున్న చేతి పంపు కొడుతూ ఉండండి. మొదట నురుగు వస్తుంది, తర్వాత బుడగలు, తర్వాత నిండుగా డీజిల్. నిండుగా వస్తుండగానే, అంటే చెయ్యి పంపు మీద ఉండగానే, స్క్రూ బిగించాలి. కొట్టడం ఆపి బిగిస్తే మళ్లీ గాలి లాక్కుంటుంది. చాలామంది చేసే తప్పు ఇదే. తర్వాత పంపు మీది ఎయిర్ స్క్రూ దగ్గరా అదే పని. చివరగా నాజిళ్ల దగ్గర పైపు నట్లు అర చుట్టు వదిలి, బట్ట చుట్టి, సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చుక్కలుగా రాగానే బిగించండి. సెల్ఫ్ ఒక్కసారి 10 సెకన్లు మించి కొట్టొద్దు, మధ్యలో మోటారుకి ఊపిరి తీసుకోనివ్వండి.

బాంజో బోల్టు విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్ వేయండి. పాత వాషర్ వేసి లీకు ఆగలేదని బలంగా బిగిస్తే ఫిల్టర్ తలకాయ మెత్తటి లోహం కాబట్టి మరలు పోతాయి. రెండు రూపాయల వాషర్‌కి పిసినారితనం చేసి ఫిల్టర్ హౌసింగ్ మొత్తం కొన్నవాణ్ని నేనే.

ఎయిర్ తీశాక బాగుండి, మర్నాటికి మళ్లీ మిస్ కొడితే గాలి ఎక్కడి నుంచో దూరుతోంది. ఇది దొరకడం కష్టం. ఎందుకంటే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా లైను లాక్కునే వైపు. అక్కడ పగులున్నా డీజిల్ బయటకి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద చుక్క కూడా పడదు. కనుక్కోవడానికి రెండు దారులున్నాయి.

మొదటిది పారదర్శక పైపు. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే పైపు స్థానంలో దాన్ని బిగించి ఇంజన్ నడపండి. ఎయిర్ తీసిన ఐదు నిమిషాల తర్వాత కూడా బుడగలు ఆగకుండా పోతుంటే గాలి వస్తున్నట్టే. పని అయ్యాక ఆ ప్లాస్టిక్ పైపు తీసేయండి. వేడికి మెత్తబడి జారిపోతుంది.

రెండోది క్యాను. ఫీడ్ పంపుకి వచ్చే పైపు విప్పి, వేరే పైపు తగిలించి శుభ్రమైన డీజిల్ ఉన్న క్యానులో ముంచండి. మిస్సింగ్ పోయిందా? తప్పు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యే ఉంది. పోలేదా? ట్యాంకు వైపు మర్చిపోయి ముందుకి పదండి.

మా బండి కథ ఇక్కడే చెప్పాలి. ట్యాంకు నిండుగా ఉంటే గుర్రంలా పరిగెత్తేది. సగానికి దిగాక, లోడుతో వారధి ఎక్కుతుంటే మిస్ కొట్టేది. ఓ షాపులో పంపు దించి క్యాలిబ్రేషన్ (బెంచి మీద కొలిచి సరిచేయడం) చేశారు. తగ్గలేదు. నాజిళ్లు మార్చారు. తగ్గలేదు. రెండు నెలలు, రెండు పెద్ద బిల్లులు. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, పాన్ నములుతూ, "ఏరా, ట్యాంకు నిండా ఉంటే బాగుంటోందా? మరి పంపుకేం తెలుసురా ట్యాంకులో ఎంతుందో?" అన్నాడు. ఛాసిస్ పక్క నుంచి వచ్చే రబ్బరు పైపు క్లిప్పు కింద చీలి ఉంది. క్లిప్పు తీస్తే తప్ప కనపడదు. డీజిల్ మట్టం తగ్గేకొద్దీ ఎక్కువ బలంగా లాక్కోవాలి, అప్పుడు చీలిక నోరు తెరుస్తుంది. మూరెడు రబ్బరు పైపుతో పోయింది.

అలాగే ట్యాంకు మూతకి గాలి రంధ్రం ఉంటుంది. మట్టి పట్టి మూసుకుపోతే బండి అరగంట బాగా నడిచి తర్వాత డొక్కు కొడుతుంది. మూత తీస్తే "హుస్" మని గాలి లాక్కుని మళ్లీ బాగవుతుంది. అలా అయితే మూత కడగండి, అంతే.

3. నీళ్లు, ఫిల్టర్లు

ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదిలి అరగ్లాసు డీజిల్ గాజు సీసాలోకి పట్టండి. పావుగంట కదపకుండా పెట్టండి. నీళ్లుంటే అడుగున వేరే పొరగా దిగుతాయి. గీత స్పష్టంగా కనిపిస్తుంది. ట్యాంకు అడుగు స్క్రూ నుంచి కూడా ఒకసారి ఇలాగే పట్టి చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు, నీళ్లలో నిలిచిన బండ్ల ట్యాంకుల్లోకి మూత దగ్గర నుంచి నీళ్లు పోయాయి. పైకి కడిగించి, ఫిల్టర్ మార్చి తిప్పినవాళ్లకు నెలల తర్వాత కూడా మిస్సింగ్ వచ్చింది. ట్యాంకు దించి కడగకుండా ఫిల్టర్లు ఎన్ని మార్చినా లాభం లేదు. ఇంకో మాట: ఎయిర్ క్లీనర్ దాకా నీళ్లు వచ్చిన బండికి సెల్ఫ్ కొట్టనే కొట్టొద్దు. నీళ్లు నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

పాత బండ్లలో రెండు ఫిల్టర్లు పక్కపక్కనే ఉంటాయి. ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ ముందు బట్ట రకంలోంచి, తర్వాత కాగితం రకంలోంచి పోవాలి. తారుమారు చేసి వేసినవి చాలా చూశాను. విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. ఫీడ్ పంపు దగ్గర చిన్న జాలీ ఉంటే అదీ కడగండి. కడగడానికి శుభ్రమైన డీజిల్ వాడండి, నీళ్లూ సబ్బూ కాదు.

4. ఏ సిలిండరో పట్టుకోవడం

ఇంతవరకు చేసినవి అన్ని సిలిండర్లకూ కలిపి. ఇప్పటికీ మిస్సింగ్ ఉంటే ఏ సిలిండరో తెలియాలి. ఈ పని చేయకుండా సామాను కొనొద్దు.

ఫ్యాన్ వైపు నుంచి లెక్క: మొదటిది 1. ఇంజన్ స్లోలో నడుస్తుండగా, కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకుని, 1వ నాజిల్ పైపు నట్టుకి బట్ట చుట్టి, నాజిల్ వైపు నట్టుని మాత్రమే అర చుట్టు వదలండి. ఆ సిలిండర్‌కి డీజిల్ ఆగిపోతుంది.

- శబ్దం మారి, ఇంజన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ బాగుంది. నట్టు బిగించి తర్వాతదానికి వెళ్లండి.
- ఏ మార్పూ లేకపోతే దొంగ దొరికాడు. అది ముందే పని మానేసింది కాబట్టి డీజిల్ ఆపినా తేడా రాదు.
- శబ్దం పడిపోయింది గానీ మిగతావాటంత కాదనుకుంటే అది సగం పని చేస్తోంది. దాని నంబరు రాసుకోండి.
- ఏదో ఒక నట్టు వదలగానే కొట్టుడు శబ్దం గానీ నల్లపొగ గానీ ఆగిపోయిందంటే, ఆ నాజిల్ కారుస్తోంది.
- అన్నీ ఒకేలా స్పందిస్తూ ఇంజన్ మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే, తప్పు ఒక సిలిండర్‌ది కాదు. మళ్లీ 2, 3 అంచెలకి వెళ్లండి.

నట్టు మొత్తం విప్పేయకండి. ఒకేసారి రెండు వదలకండి. చిందిన డీజిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడకుండా బట్ట పెట్టుకోండి, పడితే వెంటనే తుడవండి.

నట్టు వదలడానికి ధైర్యం చాలకపోతే ఇంకో దారి ఉంది. బండి బాగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల్లోనే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో (సిలిండర్ల నుంచి పొగ బయటకొచ్చే గొట్టాలు) ఒక్కో సిలిండర్ కొమ్మ మీద ఒక్కో నీటి చుక్క వేయండి. పని చేసే సిలిండర్ల మీద త్వరగా ఆవిరవుతుంది, పని చేయనిదాని మీద చుక్క అలాగే జారుతుంది. వేడెక్కిన ఇంజన్ మీద ఈ పరీక్ష చేయకండి. అప్పుడు తేడా తెలియదు, పోత ఇనుము పగిలే ప్రమాదం కూడా ఉంది.

5. నాజిల్ మార్చి చూడడం

ఉదాహరణకి 3వది పని చేయట్లేదు, 2వది బాగుంది అనుకుందాం. రెండింటి నాజిళ్లు తీసి ఒకదాని చోట ఇంకోటి పెట్టి మళ్లీ నట్టు పరీక్ష చేయండి. మిస్సింగ్ 2కి మారిందా? నాజిల్‌ది తప్పు. 3లోనే ఉందా? నాజిల్ మంచిదే, డబ్బులు మిగిలాయి.

తీసే ముందు నాజిల్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, గాలితో ఊడ్చేయండి. గుంటలోకి ఒక ఇసుక రేణువు పడినా సిలిండర్‌లోకి పోతుంది. తీసిన పైపు చివరలకు శుభ్రమైన పాలిథీన్ ముక్క చుట్టండి. నాజిల్‌ని పక్కకి తిప్పుతూ లాగండి, సుత్తితో కొట్టకండి.

ఇక్కడ అందరూ పడే గొయ్యి రాగి వాషర్. నాజిల్ బయటకి వచ్చినా పాత వాషర్ గుంట అడుగునే అంటుకుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్తది వేస్తే రెండు వాషర్లవుతాయి. నాజిల్ పైకి లేచి డీజిల్ తప్పు చోట చిమ్ముతుంది, పొగ, మిస్సింగ్ రెండూ పెరుగుతాయి. టార్చి వేసి చూడండి, వైరు కొక్కెంతో తీయండి. అసలు వాషర్ వేయకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కిన గాలి) ఆ పక్క నుంచి "చుఫ్ చుఫ్" మని వెళ్లిపోతుంది. బిగించాక నాజిల్ మొదట్లో కొంచెం సబ్బు నురుగు వేసి ఇంజన్ నడిపితే బుడగలు చెప్పేస్తాయి.

నాజిల్ క్లాంపు నట్లు రెండున్నవైతే రెండింటినీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. ఒకవైపే బిగిస్తే నాజిల్ వంకరగా కూర్చుంటుంది.

తప్పు నాజిల్‌దే అని తేలితే ఒక్క దాన్ని చేత్తో పట్టుకుని ఆటోనగర్‌లో ఏ డీజిల్ పంపు షాపుకి వెళ్లినా టెస్టర్ మీద పెట్టి చూపిస్తారు. మీరు దగ్గర నిలబడి చూడండి: సన్నని మంచులా చిమ్మాలి, ధారలా కాదు. చిమ్మడం ఆగాక మొన మీద చుక్క నిలవకూడదు. ఎంత ఒత్తిడికి తెరుచుకుందో గేజ్‌లో చదవమనండి. మిగతా నాజిళ్లకీ అంతే ఉండాలి. బండి మీద పైపుకే తగిలించి, గాల్లో చిమ్మించి చూసే పద్ధతి ఒకటుంది. దయచేసి చేయకండి, ఇందాక చెప్పిన చేతి గాయాలు అలాగే అవుతాయి.

6. టాపెట్లు

మిస్సింగ్ ఆ సిలిండర్‌లోనే ఉండిపోతే ఇంజన్ పైమూత విప్పి టాపెట్లు (వాల్వుల గ్యాప్ సరిచేసే స్క్రూలు) చూడండి. ముందు కంటితో: పుష్ రాడ్డు వంగిందా, స్ప్రింగు విరిగిందా, రాకర్ పక్కకి జరిగిందా. టాపెట్ మరీ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇలాంటి బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మిస్ కొట్టొచ్చు.

గ్యాప్ ఎంత, చల్లగా ఉన్నప్పుడా వేడి మీదా అన్నది మీ ఇంజన్ సర్వీసు పుస్తకంలోంచే తీసుకోండి. పక్కింటి బండి లెక్క మీ బండికి పనికిరాదు. టాటా ఇంజన్లలో 497 అంటే 4 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు). 697 అంటే 6 సిలిండర్లు, అదే బోరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని కొలతలూ ఒకటే అనుకోకండి.

4 సిలిండర్ల ఇంజన్‌లో ఫైరింగ్ వరస 1-3-4-2. ఇంజన్‌ని చేత్తో తిప్పుతూ 4వ సిలిండర్ రెండు వాల్వులూ ఒకేసారి కదిలే చోట ఆపితే 1వ దాని టాపెట్లు సెట్ చేయొచ్చు. 1 కదిలితే 4. 2 కదిలితే 3. 3 కదిలితే 2. 6 సిలిండర్లలో వరస 1-5-3-6-2-4, జతలు 1-6, 2-5, 3-4. తిప్పేటప్పుడు ఇంజన్ ఆపే నాబ్ లాగి ఉంచండి, తాళం మీ జేబులో ఉండాలి.

గేజ్ రేకు నెయ్యి రాసిన కత్తిలా కొంచెం పట్టుతో జారాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ ఒకసారి పెట్టి చూడండి, బిగింపులో గ్యాప్ మారుతుంది.

7. కంప్రెషన్

ఇది తేల్చడానికి ఇంట్లో మూడు చిన్న పరీక్షలు చాలు.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొంచెం ఆవిరి రావడం పాత బండికి మామూలే. దెబ్బ దెబ్బకీ "భుస్ భుస్" మని పొగ తోసుకొస్తుంటే బ్యాక్ కంప్రెషన్. రింగులు, లైనర్లు అరిగాయి.

రెండోది, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా రేడియేటర్ మూత తీసి, నీళ్లు నిండా పోసి, స్టార్ట్ చేయండి. వెంటనే ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ గానీ హెడ్ గానీ పోయింది. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దని వేరే చెప్పనక్కర్లేదనుకుంటా.

మూడోది మీ చీటీయే. పక్కపక్క సిలిండర్లు రెండూ, అంటే 2, 3 కలిసి పడిపోయాయా? వాటి మధ్య గాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

గేజ్ పెట్టి కొలవాలనుకుంటే డీజిల్ ఇంజన్ గేజే తెచ్చుకోండి. పెట్రోల్ బండి గేజ్ ఈ ఒత్తిడికి ఆగదు. ఇక్కడ తప్పు తేలితే మాత్రం పని షాపుదే.

8. ఇప్పుడు పంపు

పైవన్నీ బాగుండి, నాజిల్ మార్చినా ఒకే సిలిండర్ మిస్ కొడుతుంటే అప్పుడు పంపు వైపు చూడండి. అనుమానం ఉన్న సిలిండర్ నాజిల్ పైపూ, బాగున్నదాని పైపూ వదులు చేసి సెల్ఫ్ కొట్టించండి. ఒకదాంట్లో దెబ్బ దెబ్బకీ డీజిల్ ఎగదన్ని, రెండోదాంట్లో నీరసంగా కారుతుంటే పంపులో ఆ సిలిండర్‌కి డీజిల్ తోసే ఎలిమెంటో, దాని పైనుండే డెలివరీ వాల్వో పోయింది. పైపే లోపల నొక్కుకుపోయి ఉండొచ్చు కూడా, తీసి ఊది చూడండి.

పంపు సీలు మీరు విప్పొద్దు. పాతతరం మెకానిక్‌లు ఇప్పటికీ మైకో పంపు అంటారు. ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది. పేరు ఏదైనా, లోపలి భాగాలు వెంట్రుకలో చాలా చిన్న వంతు తేడాతో అమరి ఉంటాయి. ఇంటి దగ్గర ధూళిలో విప్పితే అంతే సంగతులు. షాపులో ఇచ్చేటప్పుడు "క్యాలిబ్రేషన్ చేయండి" అని కాకుండా "3వ దాంట్లో డీజిల్ తక్కువ వస్తోంది, బెంచి మీద పెట్టి నాకు చూపించి, తర్వాత విప్పండి" అని చెప్పండి. దించే ముందు పంపుకీ ఇంజన్‌కీ కలిపి గీత పెట్టించండి. టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) తప్పితే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

చేయకూడనివి

స్టార్ట్ కావడం లేదని ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడం ఇప్పటికీ చూస్తున్నాను. పిస్టన్లు పగలొచ్చు, ముఖం కాలొచ్చు. డీజిల్‌లో కిరోసిన్ కలిపితే పంపుకి జిడ్డు చాలదు. మిస్సింగ్ కనపడకుండా స్లో స్పీడు పెంచేయడం ఇంకో పద్ధతి. మోసం చేసేది మిమ్మల్ని మీరే. అన్నిటికంటే ముఖ్యంగా ఒకేసారి మూడు పనులు చేయకండి. ఫిల్టర్, నాజిల్, టాపెట్ ఒకే రోజు మారిస్తే బండి బాగయినా దేనివల్ల బాగయిందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

బాగయిందో లేదో చూడడం

స్లోలో పది నిమిషాలు. డ్యాష్‌బోర్డు మీద సగం నీళ్లున్న సీసా పెట్టండి, నీళ్లు సన్నగా వణకాలి, ఎగిరెగిరి పడకూడదు. తర్వాత నట్టు పరీక్ష మళ్లీ ఒకసారి. ఇప్పుడు అన్ని సిలిండర్లకూ శబ్దం ఒకేలా పడిపోవాలి.

ఇంజన్ ఆపి, పది నిమిషాలాగి వేడి మీద స్టార్ట్ చేయండి. తర్వాత ఖాళీ బండితో రామవరప్పాడు రింగు నుంచి గన్నవరం దాకా వెళ్లి రండి. అక్కడ బాగుంటే లోడుతో వారధి దాటి కాజ టోల్‌గేట్ వైపు. ఎప్పుడు మిస్ కొట్టేదో మీ చీటీలో రాసుకున్నారు కదా, సరిగ్గా ఆ పరిస్థితే తెచ్చి చూడాలి. సగం ట్యాంకు మీద వచ్చే జబ్బుని నిండు ట్యాంకు మీద పరీక్షించి "బాగయింది" అంటే ఎలా?

అసలు పరీక్ష మర్నాడు పొద్దున. రాత్రంతా నిలిచిన బండి మొదటి సెల్ఫ్‌కే అందుకుని, తెల్లపొగ నిమిషంలో సర్దుకుంటే లైనులో గాలి లేనట్టే.

50 కిలోమీటర్లు తిరిగాక విప్పిన ప్రతి నట్టు చుట్టూ పొడి బట్టతో తుడిచి చూడండి. తడి ఉంటే ఇంజన్ ఆపి కొంచెం బిగించండి. డిప్‌స్టిక్ ఇంకోసారి తీయండి. ఏ నంబరు నాజిల్ ఎప్పుడు మార్చారో, ఏ టాపెట్ సరిచేశారో, తేదీతో సహా డ్రైవర్ వైపు తలుపు లోపల పెయింట్ పెన్నుతో రాసిపెట్టండి. కాగితం చీటీలు మా బండిలో ఒక్కటీ నెల దాటి బతకలేదు.